కంకర లాభం జల్లెడ కన్నులో

గండికోట: 1652లో ఫ్రెంచి రత్నవర్తకుడు టవెర్నియే ఈ కోటలోనే మీర్ జుమ్లాను కలిశాడు. దిగువన కడప దగ్గర చెన్నూరులో పెన్నా కంకరను వజ్రాల కోసం కడిగేవారు. గంప, నీళ్లు, కూలీల కళ్లు, అంతే సరంజామా.

యూకాన్, అలాస్కాల ఏటి కంకరలో బంగారం పట్టేవారు నేడు అదిరే జల్లెడను వాడుతున్నారు. వేరుశనగ గింజను జల్లించే వర్తకునికి ఇది వింత కాదు. స్ప్రింగులపై వాలుగా నిలిపిన జల్లెడను, ఒక పక్కకే బరువున్న ఇరుసు గిరగిరా తిరిగి కుదుపుతుంది. పైనుంచి నీరు చిమ్ముతుంది. పెద్ద రాళ్లు అవతలికి జారిపోతాయి, సన్న సరుకు కిందనున్న తూములో పడుతుంది. పెద్ద రాళ్లు కూడా తూములోకి వస్తే, వాటిని తోయడానికి నీటి ఉరవడి పెంచాలి. దానితో బంగారు నలుసు కొట్టుకుపోతుంది.

బంగారం ఇసుకరాయి కంటే ఏడు రెట్లు బరువు గనుక కొంత పొరపాటుకు ఓర్చుకుంటుంది. వజ్రం ఎక్కువ తూగేది మూడోవంతే. ఒకే సైజుకు జల్లించని కంకరలో చిన్న వజ్రమూ పెద్ద గులకరాయీ కలిసే కొట్టుకుపోతాయి.

అసలు నష్టం బంకమట్టిది. కరగని ముద్ద జల్లెడ కన్నులను పూడ్చి, తనలోని బంగారంతో సహా పారవేత కుప్పకు పోతుంది. పెట్టుబడి పెట్టేవాడు ముందుగా ఆ కుప్పలోని ముద్దలను చితిపి, కడిగి చూసుకోవాలి. ఆ తర్వాత నీటి ఖర్చు. ఏడాదిలో చాలా నెలలు పెన్నా ఇసుకే.