వేలు ఒకచోట, నోరు ఒకచోట

జూన్‌లో బడిలో చేరిన ఒకటో తరగతి పిల్ల, దసరా సెలవులకల్లా తెలుగు వాచకం తెరిచి నాలుగు పేజీలు గడగడా చదివేస్తుంది. ఇంటిల్లిపాదికీ సంబరమే. అయితే ఆ సమయంలో పిల్ల చూపుడువేలు ఎక్కడుందో ఒకసారి గమనించండి. నోరు ‘తబల’ దాకా వెళ్ళిపోయినా వేలు ఇంకా ‘వల’ దగ్గరే ఉంటుంది. పుస్తకం మూసేసినా పాఠం ఆగదు. దీన్ని చదవడం అనలేం, ఇది అప్పజెప్పడం. తప్పేమీ లేదు. ఆరేళ్ళ వయసులో విన్నది విన్నట్టు పట్టేసే శక్తి ఎక్కువ, పిల్లలు దాన్నే వాడుకుంటారు. కాకపోతే, ఈ మూడు నాలుగు నెలల్లో బడిలో టీచరు నేర్పాలని చూస్తున్నది వేరే విద్య. అదేమిటో తెలిస్తే ఇంట్లో ఏం చేయాలో, అంతకన్నా ముఖ్యంగా ఏం చేయకూడదో తెలుస్తుంది.

మాటలు ఎవరూ నేర్పకుండానే వస్తాయి, చదువు అలా రాదు. రాత పుట్టి 5,000 ఏళ్ళ పైచిలుకే అయింది. చదవడానికంటూ మెదడులో ఒక భాగం పుట్టుకతో ఏర్పడటానికి ఆ కాలం ఏ మూలకూ చాలదు. అందుకే వస్తువుల్నీ ముఖాల్నీ గుర్తుపట్టే దృశ్య భాగాల్లో కొంత చోటు అక్షరాల కోసం కొత్తగా అమరుతుందని ఫ్రెంచి శాస్త్రవేత్త స్తానిస్లాస్ దెహాన్ వాదన. మెదడు ఎడమవైపు, వెనక కింది భాగంలో ఉండే ఆ చోటు చదువు వచ్చినవాళ్ళలో అక్షరం కనబడగానే చురుగ్గా స్పందిస్తుంది. ఈ మార్పుకి చిన్నతనమే అక్కర్లేదని చూపిన పరిశోధన ఒకటి మన దేశంలోనే జరిగింది. లక్నో దగ్గరి పల్లెల్లో చదువురాని పెద్దవాళ్ళకు ఆరు నెలలు హిందీ చదవడం నేర్పి, ముందూ వెనకా మెదడు స్కాన్లు తీశారు. మెదడు పైపొరలోనే కాదు, లోతున ఉండే థాలమస్‌లోనూ మెదడు కాండంలోనూ మార్పు కనిపించిందని 2017లో ప్రకటించారు. ముప్పై దాటిన వాళ్ళకే సాధ్యమైనప్పుడు ఆరేళ్ళ పిల్లకు సందేహమేముంది? అయితే ఆ అమరికకు టైము పడుతుంది. పైగా మన లిపి కొంచెం ఎక్కువ టైమే అడుగుతుంది.

వర్ణమాల ఒప్పజెప్పడం ఈ పనిలో చాలా చిన్న భాగం. 35 హల్లులకు ఒక్కోదానికి 12 గుణింత రూపాలు వేసుకున్నా 400 దాటిపోతాయి. ఆపైన ఒత్తులు. గుణింతం పద్ధతిగా ఉంటుందనుకుంటాం గానీ పిల్ల కంటికి అదంత పద్ధతిగా కనబడదు. ‘కొ’లో కనిపించే ఒత్వం ‘మొ’లో కనబడదు, అక్కడ ఎత్వానికి కొమ్ము తగిలించినట్టు ఉంటుంది. ప, వ, ష, స ఒకే తల్లి పిల్లల్లా ఉంటాయి. ద, ధ, థలు వేరు కావడానికి ఒక గీత, ఒక చుక్కే ఆధారం. అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది సంయుక్తాక్షరం. ‘రాత్రి’లో నోరు పలికే వరుస త్, ర్, ఇ. కంటికి కనబడేది మాత్రం ‘త’ నెత్తిన గుడి, దాని కింద ర ఒత్తు. చివర పలికే అచ్చు గుర్తు మొదటి హల్లు మీద కూర్చుంది. అందుకే చాలామంది పిల్లలు ‘రాతిరి’ అని రాస్తారు. చెవికి విన్నదాన్ని బుద్ధిగా రాసిన తప్పు అది. ఎర్ర ఇంకు పెట్టే ముందు ఆ పిల్ల చెవిని మెచ్చుకోవాలి.

‘పుస్తకం’ అని చప్పట్లు కొడుతూ అనమంటే పిల్లలు ‘పుస్–త–కం’ అని విరుస్తారు. లిపి మాత్రం ‘పు–స్త–కం’ అని విరుస్తుంది. నోటి విరుపు ఒకటి, రాత విరుపు ఇంకొకటి. ఈ రెండూ కలవాలంటే మాటను ధ్వనులుగా విడదీసి వినడం పిల్లకు అలవాటు కావాలి. 1983లో అచ్చయిన పరిశోధన కోసం ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు లినెట్ బ్రాడ్లీ, పీటర్ బ్రయంట్ సుమారు 400 మంది నాలుగైదేళ్ళ పిల్లల్ని పరీక్షించి, కొన్నేళ్ళ పాటు వాళ్ళ చదువును గమనించారు. ప్రాసనూ మొదటి ధ్వనినీ చిన్నప్పుడే పట్టగలిగిన పిల్లలు తర్వాత చదువులో ముందున్నారు. వాళ్ళలో కొందరికి ధ్వనుల్ని పట్టే ఆటలు ఆడించారు; ఆ ఆటతో పాటు అక్షరాలూ చూపించిన పిల్లలకు ఇంకా మేలు జరిగింది.

దీనికి ఇంట్లో పుస్తకం కూడా అక్కర్లేదు. వంటింట్లో నిలబడి ‘క’తో మొదలయ్యేవి చెప్పమంటే చాలు. కవ్వం, కత్తిపీట అంటారు. కొన్నాళ్ళకు కారం, కుండ కూడా అదే జట్టులోవే కదా అని పిల్లే అంటుంది. క, కా, కు రాతలో వేరువేరుగా ఉన్నా వాటి వెనక ఉన్న హల్లు ఒక్కటేనని తనకు తెలిసిందన్నమాట. గుణింతం మొత్తం ఆ ఎరుక మీదే నిలబడుతుంది. క–కా–కి–కీ అని పాడటం వల్ల మాత్రమే అది రాదు. పాట ఒక్కటే వచ్చిన పిల్లను ‘కూ’ ఏదీ అని అడిగి చూడండి, క దగ్గర్నుంచి మొదలుపెట్టి వరుసగా వస్తుంది.

ఇక రాత. అక్షరాభ్యాసం నాడు బియ్యంలో వేలు పట్టి దిద్దించిన దగ్గర్నుంచి మనకు దిద్దడం మీద గురి. ఇప్పుడు దాని స్థానంలో చుక్కలు కలిపే పుస్తకాలు వచ్చాయి. 2012లో ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన కారిన్ జేమ్స్ ఇంకా చదవడం రాని అయిదేళ్ళ పిల్లలతో చేసిన ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. కొన్ని అక్షరాలు చూపించి సొంతంగా రాయించారు, కొన్ని చుక్కల మీద దిద్దించారు, కొన్ని టైపు చేయించారు. తర్వాత ఆ అక్షరాలు చూపిస్తూ స్కాన్ తీస్తే, చదువుకు పనికొచ్చే మెదడు భాగాలు గట్టిగా స్పందించింది సొంతంగా రాసిన వాటికే. పిల్ల తనంత తాను రాసిన అక్షరం ఒకసారి లావుగా, ఒకసారి వంకరగా వస్తుంది. ఇన్ని రకాలుగా ఉన్నా అది ఒకే అక్షరమని మెదడు నేర్చుకోవడం ఆ వంకరల వల్లే కావచ్చని పరిశోధకుల ఊహ. కొద్దిమంది పిల్లల మీద, ఇంగ్లీషు అక్షరాలతో చేసిన పని కాబట్టి దీన్నే వేదంగా తీసుకోనక్కర్లేదు. అయినా, పలక మీద దిద్దడం రెండు మూడు సార్లతో ఆపి, చెరిపేసి, చూడకుండా రాయమనడానికి ఇది చాలినంత కారణం. ఒకే అక్షరం పేజీ నిండా యాభైసార్లు రాయించే హోంవర్కు వేళ్ళకు నొప్పి తప్ప మరేమీ నేర్పదని నా అభిప్రాయం. మూడో వరస దాటాక పిల్ల అక్షరం చూడటం మానేసి పైవరసను నకలు చేస్తుంటుంది. ఆదివారం పూట రెండు గంటల కన్నా రోజూ పది నిమిషాలు మేలన్న సంగతి 1885లోనే జర్మన్ శాస్త్రవేత్త ఎబింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని చెప్పాడు.

మరి ఒక టర్ములో ఎంత రావాలి? మన లిపికి తోబుట్టువైన కన్నడం మీద సోనాలి నాగ్ చేసిన పరిశోధన 2007లో అచ్చయింది. అక్షరాలన్నీ పిల్లల చేతికి రావడం ఒకటో తరగతితో అయిపోదని, నాలుగో తరగతి దాకా సాగుతూనే ఉంటుందని అందులో తేలింది. కాబట్టి దసరాకి ఒత్తులు రాలేదని కంగారు పడక్కర్లేదు. తేలిక మాటల్లోని అక్షరాలు వేరే చోట కనబడినా గుర్తుపడుతోందా అన్నది చూడాలి. వాచకంలోని ‘వల’, ‘తల’ వచ్చిన పిల్ల బస్సు బోర్డు మీద ‘తలుపుల’ అన్న ఊరి పేరులో మొదటి, చివరి అక్షరాలు చదివితే ఆ టర్ము గెలిచినట్టే. 2021 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు చదవాలని లక్ష్యం పెట్టింది. ఇక్కడ నాకొక పేచీ ఉంది. ఒక్క ‘వెళ్ళిపోతున్నారట’లోనే ఏడు అక్షరాలున్నాయి. మాటలు లెక్కపెట్టి అన్ని భాషల పిల్లల్నీ ఒకే గడియారంతో కొలవడం న్యాయం కాదు. 2022లో మూడో తరగతి పిల్లల మీద జరిపిన సర్వేలో ఎన్‌సీఈఆర్‌టీ భాషకొక ప్రమాణం పెట్టడం ఆ మేరకు నయం.

వేగం వచ్చినా అర్థం కాకపోతే చదువు సున్నాయే. అక్షరాలు పలకడాన్నీ భాష అర్థం కావడాన్నీ గుణిస్తే వచ్చేదే చదువు అని 1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు సూత్రం కట్టారు. రెండింట్లో ఏది సున్నా అయినా ఫలితం సున్నా. భాష అనే రెండో సగం ఇంట్లోనే పెరుగుతుంది. చదువురాని అమ్మమ్మ చెప్పే కథ, మధ్యలో ఆపి ‘ఆ తర్వాత ఏమైందంటావు?’ అనే ప్రశ్న ఆ సగానికే బలం. వాచకంలో ‘వచ్చాడు’ అని ఉంటే కరీంనగర్ పిల్ల ‘వచ్చిండు’ అని చదివిందనుకోండి. తప్పని తిట్టకండి. అక్షరం దాటి అర్థానికి వెళ్ళింది కనుకనే తన ఇంటి మాట నోటికొచ్చింది. ఇంట్లో కోయ, సవర, గోండి మాట్లాడే పిల్లలకైతే తెలుగే కొత్త భాష. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 8 గిరిజన భాషల్లో మొదటి చదువు మొదలుపెట్టింది అందుకే.

లెక్కల సంగతి ఒక్క ముక్క. తెలుగు అంకెలు ఇరవై దాటాక ఇరవై ఒకటి, ఇరవై రెండు అని తీరుగా నడుస్తాయి కాబట్టి కష్టమంతా పదకొండుకీ పంతొమ్మిదికీ మధ్యే. దానికి వైకుంఠపాళి మంచి మందు. వందగళ్ళ పటంతో ఆడించి 2014లో లాస్కీ, సీగ్లర్ అనే పరిశోధకులు ఒక తమాషా కనిపెట్టారు. 23వ గడిలో ఉండి 3 పడితే ‘ఒకటి, రెండు, మూడు’ అంటూ జరిపిన పిల్లలకు పెద్దగా ఒరిగింది లేదు. ‘ఇరవై నాలుగు, ఇరవై అయిదు, ఇరవై ఆరు’ అంటూ జరిపిన వాళ్ళకు అంకెల మీద పట్టు పెరిగింది. పాములూ నిచ్చెనలూ అవే, పలికే తీరు మాత్రం మార్చాలి.

మళ్ళీ చదువు సంగతికి వస్తే, రెండో తరగతి పూర్తయ్యేసరికి కూడా ప, వలు తారుమారు అవుతుంటే, మాటలు చక్కగా మాట్లాడుతూ పుస్తకం చూడగానే ముడుచుకుపోతుంటే మొద్దు అనేయకుండా ముందు కళ్ళు, చెవులు పరీక్ష చేయించండి. బోర్డు కనబడక వెనకబడే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. అవి బాగానే ఉంటే డిస్‌లెక్సియా ఉందేమో పిల్లల వైద్యుల ద్వారా తెలుసుకోవచ్చు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఇలాంటి అభ్యసన లోపాల్ని గుర్తించింది. కాబట్టి నిర్ధారణ పత్రం ఉంటే పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు బడిలో అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది.