కంపెనీ మూతపడింది... కారు మాత్రం కదలాలి!

తిరుపతి : కారు కొన్న రోజున అందరూ చుట్టాలే. నడిరోడ్డు మీద అది మొరాయించిన రోజున మాత్రం మెకానిక్కు ఒక్కడే చుట్టం. ఆ మెకానిక్కు కూడా బానెట్టు ఎత్తి చూసి "ఈ బండి సామాను దొరకదు సార్" అన్నాడంటే ఇక చెప్పేదేముంది?

అంబాసిడరుకూ, ఫియట్టుకూ, ఆ తరువాత మారుతికీ ఈ బాధ పెద్దగా లేదు. పీలేరులో పాడైతే పీలేరులోనే బాగుపడతాయి. బాధంతా తక్కువ సంఖ్యలో తయారై, ముచ్చటగా కనబడి, కంపెనీ మూతపడగానే దిక్కులేనివైన కార్లతోనే. పాత చిత్తూరు జిల్లాకు ఇటు మద్రాసు, అటు బెంగుళూరు. ఇలాంటి కార్లు ఆ రెండు ఊళ్ళలోనూ పుట్టాయి. మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్, బెంగుళూరులో డాల్ఫిన్. ఊళ్ళు దగ్గరే గదా అనిపిస్తుంది. తిరుపతి నుంచి మద్రాసు నూట నలభై కిలోమీటర్లకు లోపే. కానీ క్లచ్ తెగి కారు పాకాల దగ్గర చెట్టుకింద నిలబడినప్పుడు నూట నలభై అయినా ఒకటే, నాలుగు వందలైనా ఒకటే.

పల్లెలో కారంటే యజమాని ఒక్కడిదే కాదు. 2005లో 108 అంబులెన్సులు వచ్చేదాకా కాన్పు నొప్పులొచ్చినా, పాము కరిచినా ఊళ్ళో ఎవరింట్లో కారుంటే వాళ్ళ తలుపే తట్టేవారు. తిరుపతి రుయాకో, చిత్తూరు దాటి వేలూరుకో ఆ రాత్రి పోయి తీరాలి. అందుకే "బండి అందంగా ఉందా" అన్నది తరువాతి మాట. "తాళం తిప్పితే కదులుతుందా" అన్నదే అసలు ప్రశ్న.

స్పిట్‌ఫైర్‌కు అన్న

మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీ 1948లో ఏర్పడింది. 1961 నుంచి హెరాల్డ్ కారు చేసింది. 948 సీసీ ఇంజను, మొదట్లో రెండే తలుపులు. ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ 1962లో తెచ్చిన స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు ఈ హెరాల్డ్ వంశంలోదే. చట్రం, ముందు చక్రాల అమరిక దీని నుంచి తీసుకున్నవే. రూపుదిద్దినవాడు కూడా ఒక్కడే, ఇటలీ దేశపు మిషెలొట్టి. అంటే మన రోడ్ల మీద తిరిగిన హెరాల్డ్ స్పోర్ట్స్ కారుకు అన్న అన్నమాట.

ఆ పోలిక మలుపుల్లో తెలిసేది. ఇరవై అయిదు అడుగుల వెడల్పు చోటుంటే చాలు, హెరాల్డ్ గిర్రున వెనక్కు తిరిగేది. తిరుమల పాత ఘాట్ రోడ్డు 1944లో తెరిచారు. రెండో ఘాట్ రోడ్డు 1974లో వచ్చేదాకా ఎక్కడమూ దిగడమూ దాని మీదే. ఆ మెలికల్లో పెద్ద బండ్లు ఒకసారి వెనక్కు తీసి తిప్పుకోవలసిన చోట ఇది ఒక్క తిప్పుకే తిరిగిపోయేది. ఇంకో సుఖం, బానెట్టు. రెక్కలతో సహా ముందుభాగమంతా ముందుకు వాలిపోతుంది. మెకానిక్కు ముందు టైరు మీద కూర్చుని ఇంజను మొత్తాన్ని ఎదురుగా పెట్టుకుని పని చేసుకోవచ్చు. నడుములు పడిపోయేలా వంగే పని లేదు.

మరి కష్టమెక్కడ?

వెనక చక్రాలతో వచ్చింది ఒక కష్టం. ఒక్కొక్క చక్రం విడిగా పైకీ కిందికీ ఊగే ఇరుసు అది. వేగంగా మలుపులోకి పోయి, భయపడి ఉన్నట్టుండి యాక్సిలరేటరు మీద కాలు తీస్తే వెనక చక్రం లోపలికి ముడుచుకునే ప్రమాదముంది. మన మెకానిక్కులకూ, యజమానులకూ ఆ ఇరుసు నచ్చలేదు. కంపెనీ 1972లో గెజెల్ అనే కారు తెచ్చినప్పుడు మామూలు గట్టి ఇరుసుకే వచ్చింది.

రెండో కష్టం చిన్నదిగా కనబడుతుంది గానీ అసలు ప్రాణం మీదికి తెచ్చేది అదే. ముందు చక్రాన్ని మోసే నిలువు కడ్డీ అడుగున మర చుట్లు ఉంటాయి. అవి ఒక కంచు ముక్కలో కూర్చుని, స్టీరింగ్ తిప్పినప్పుడల్లా తిరుగుతాయి. దాని పేరు ట్రనియన్. దానికి పెట్టవలసింది గ్రీజు కాదు. గేరుబాక్సులో పోసే తొంభై నంబరు నూనె. చూడడానికి గ్రీజు నిప్పిల్ లాంటిదే ఉంటుంది గనుక సర్వీసుకు పోయిన ప్రతిచోటా గ్రీజు గన్ను పెట్టి కొట్టేవారు. గ్రీజు లోపల గడ్డకట్టి చుట్లకు చేరదు. వానాకాలం నీరు చేరి తుప్పు పడుతుంది. ఎప్పుడో ఒకరోజు, అదీ చాలాసార్లు బండి నిదానంగా మలుపు తిరుగుతున్నప్పుడే, కడ్డీ పుటుక్కున విరిగి చక్రం మడతపడుతుంది. ఇంటి ముందర జరిగితే అదృష్టం. మొగిలి ఘాట్‌లోనో, భాకరాపేట ఘాట్‌లోనో జరిగితే?

నాలుగు చెంచాల నూనెతో పోయే పని అది. చెప్పేవాడు లేకపోతే నిండు ప్రాణం పోయే పని. కంపెనీ డీలరు దగ్గరుంటే లాభమేమిటంటే సామాను ఒక్కటే కాదు, ఇలాంటి మాట చెప్పేవాడు ఉండడం.

గెజెల్ తయారీ 1977లో ఆగింది. కంపెనీ చివరికి 1985లో స్టాండర్డ్ 2000 అని పెద్ద కారు తెచ్చింది. ఒళ్ళు ఇంగ్లండు రోవరుది, ఇంజను మాత్రం పాతకాలం వాన్‌గార్డ్ నాటిది. మూడేళ్ళు తిరగకుండా 1988లో ఆ కథా ముగిసింది.

బెంగుళూరు డాల్ఫిన్

పలమనేరు, కుప్పం, మదనపల్లె వైపువారికి మద్రాసు కంటే బెంగుళూరు రాకపోకలెక్కువ. అక్కడ సన్‌రైజ్ పేరుతో మొదలై సిపానీగా మారిన కంపెనీ మొదట బాదల్ అనే మూడు చక్రాల కారు చేసి, 1982లో డాల్ఫిన్ తెచ్చింది. ఇంగ్లండు రిలయంట్ కంపెనీ కిటెన్ కారుకు ఇది నకలు. 848 సీసీ ఇంజను. ఒళ్ళంతా రేకు కాదు, ఫైబర్‌గ్లాసు. బరువు తక్కువ గనుక చెంగున లేచేది. ర్యాలీలలోనూ, షోలవరం పందాలలోనూ కుర్రకారు దీన్ని తెగ తోలారు.

ఫైబర్‌గ్లాసుకు తుప్పు లేదు. గేదె కొమ్ము విసిరినా, గోడకు రాసుకున్నా రెజిన్, మ్యాట్ తెచ్చి అతికి, అరగదీసి రంగు వేస్తే సరి. బొమ్మలు పోతపోసేవాడు కూడా చేయగలిగిన పని. ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కు కరెంటు దగ్గర వచ్చింది. రేకు కారులో ఒళ్ళే ఎర్తు. బ్యాటరీ నుంచి లైటుకు ఒక తీగ పోతే చాలు, తిరుగుదారి రేకు ద్వారా కుదురుతుంది. ఫైబర్‌గ్లాసులో కరెంటు పారదు. ప్రతి లైటుకూ, హారనుకూ వేరే ఎర్తు తీగ ఉండాలి. దాని కొన తుప్పు పడితే హెడ్‌లైట్లు దీపంబుడ్డీలవుతాయి. ఈ సంగతి తెలియని ఎలక్ట్రీషియన్ బల్బు మారుస్తాడు, డైనమో విప్పుతాడు, చివరికి బ్యాటరీ మీద నెడతాడు. తప్పు ఒక స్క్రూ కింద ఉంటుంది.

ఇంజనుతో ఇంకో పేచీ. అది అల్యూమినియం. నీళ్ళు తగ్గి వేడెక్కితే హెడ్ గాస్కెట్ పోతుంది. రాయలసీమ ఎండలు, మన బోరు నీళ్ళు రెండూ దానికి పగవే. ఉప్పునీటి పాచి రేడియేటరు సన్నగొట్టాల్లో కడుతుంది. చెంబుతో బోరు నీళ్ళు పోసేవారి ఇంజను కంటే పట్టిన వాన నీళ్ళో, బ్యాటరీ నీళ్ళో పోసి, అందులో తుప్పు పట్టనీయని మందు కలిపేవారి ఇంజను ఎక్కువకాలం బతకడంలో వింతేమీ లేదు.

1983 డిసెంబరు 14న మారుతి 800 మొదటి కారు ఢిల్లీలో చేతులు మారింది. డాల్ఫిన్ జాతకం కూడా ఆ రోజే మారింది. చిన్నకారు కావలసినవాడికి ఊరూరా సర్వీసు ఉన్న కారు దొరికాక దిక్కులేని కారు ఎవరికి కావాలి?

నంబరు చూస్తే దొరుకుతుంది

ఇంత చెప్పినా, ఇలాంటి కార్లను ఏళ్ళ తరబడి నడిపించినవారు ఉన్నారు. వారి కిటుకు ఒకటే. కారు పేరు చెప్పి సామాను అడగరు. ముక్క విప్పి, తుడిచి, నంబరు చూస్తారు. బేరింగుల నంబర్లు ప్రపంచమంతా దాదాపు ఒకటే. ఆయిల్ సీలుకు లోపలి కొలత, బయటి కొలత, మందం చాలు. మద్రాసు పాడిలో లూకాస్ టీవీఎస్, బ్రేక్స్ ఇండియా కంపెనీలు అన్ని కార్లకూ కరెంటు సామాను, బ్రేకు సామాను చేశాయి గనుక కారు కంపెనీ పోయినా ఆ వరస పోలేదు. బుష్షులు లేతు మిషను మీద తీయించుకోవచ్చు. మిగిలినదానికి మద్రాసు పుదుపేట గుజిరీ, బెంగుళూరు జె.సి. రోడ్డు. పాత ముక్క సంచిలో వేసుకుని రాత్రి బస్సెక్కడం, సాయంత్రానికి తిరిగి రావడం.

ఎక్కడా దొరకనివి కొన్ని ఉన్నాయి. ముందు అద్దం, తలుపు రబ్బర్లు, క్రౌన్ పినియన్. హెరాల్డ్ వారికి ఇందులో ఒక అదృష్టం పట్టింది. ఇంగ్లండులో స్పిట్‌ఫైర్ మీద మోజున్నవారు లక్షణంగా ఉన్నారు గనుక ట్రనియన్ లాంటివి అక్కడ ఇప్పటికీ కొత్తగా చేస్తున్నారు. సుంకం కట్టి తెప్పించుకోవచ్చు. డాల్ఫిన్‌కు అంత బలగం లేదు.

చిత్రమేమంటే, కారుకు కావలసిన పెద్ద వస్తువులు మన గడపలోనే తయారవుతున్నాయి. బ్యాటరీ కరకంబాడిలో, అమరరాజాలో. టైరు వరదయ్యపాళెం మండలం చినపాండూరులో, అపోలో కర్మాగారంలో 2020 నుంచి. దొరకనిది అరచేతిలో పట్టే కంచు ముక్క.

కొండెక్కేటప్పుడు ఇంజను వేడికి పెట్రోలు పంపులోనే ఆవిరై బండి ఆగడం పాతకార్లకు మామూలు. పంపు మీద తడిగుడ్డ చుట్టడం పెద్దల వైద్యం. ఫ్యాన్ బెల్టు, పాయింట్లు, కండెన్సరు, క్లచ్ కేబులు, నీళ్ళ డబ్బా, తాడు డిక్కీలో లేకుండా బయలుదేరినవాడు కొత్తవాడని అర్థం. ఇక స్పోర్ట్స్ కారు వేగమంటారా? తిరుమల ఎక్కడానికి 28 నిమిషాల కంటే, దిగడానికి 40 నిమిషాల కంటే తక్కువ పడితే దేవస్థానం జరిమానా నిబంధన పెట్టింది. ఎంత పరుగెత్తే కారైనా స్వామి దగ్గర ఒద్దికగా పోవలసిందే.

ఇప్పుడు కొనాలంటే...

1998లో వచ్చిన రెండు సీట్ల శాన్ స్టార్మ్ లాంటి కారు అక్కడక్కడ చవగ్గా అమ్మకానికి వస్తుంది. రెనో ఇంజను, ఫైబర్‌గ్లాసు ఒళ్ళు. డాల్ఫిన్ గురించి చెప్పిన ఎర్తు తీగల పాఠం దీనికీ వర్తిస్తుంది. బేరమాడే ముందు ఇంజను ముక్కలు ఎక్కడ దొరుకుతాయో కనుక్కుని, తరువాత ధర అడగడం మేలు.

కాగితాల సంగతి కూడా చూసుకోవాలి. పదిహేనేళ్ళు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ కొనసాగింపు ఫీజు 2022 ఏప్రిల్ నుంచి అయిదువేల రూపాయలైంది. ఇరవై ఏళ్ళు దాటినవాటికి 2025లో పదివేలు చేశారు. యాభై ఏళ్ళు దాటిన కారును 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ వాహనంగా రాయించుకోవచ్చు. కానీ అలా రాయిస్తే రోజువారీ తిరుగుళ్ళకు వాడకూడదు. ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, పెట్రోలుకూ, మరమ్మతుకూ మాత్రమే తీయాలి. చివరి గెజెల్‌కు 2027లో యాభై నిండుతాయి.

పెట్రోలు కూడా మునుపటిది కాదు. 2025 నాటికి దేశమంతటా బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చింది. ఇథనాల్ పాత రబ్బరును మెత్తబరిచి చీలుస్తుంది. పాతకారు ఉన్నవారు ముందు పెట్రోలు గొట్టాలు, పంపు డయాఫ్రం, కార్బురేటరు వాషర్లు మార్పించుకోవడం మంచిది. వేడి ఇంజను మీద పెట్రోలు కారితే ఏమవుతుందో వేరే చెప్పాలా? ఇథనాల్‌ను తట్టుకునే గొట్టం పెద్ద ఊళ్ళ ఆటోమొబైల్ దుకాణాల్లో మీటర్ల లెక్కన అమ్ముతారు. పాత గొట్టం ముక్క కోసి కొలతకు పట్టుకుపోతే సరిపోతుంది.