ప్రేమకథ రాసిన రాజు.. తప్పులు పట్టిన సభలు: పాలమూరు సంస్థానాల కథ ఇదీ!

లవ్‌స్టోరీ రాసేవాళ్లంతా ఒకచోట కూడి వర్క్‌షాప్ పెట్టుకోవడం ఇప్పటి ట్రెండ్ అనుకుంటున్నారా? ఖిల్లా ఘణపూర్ చుట్టుపక్కల ఉన్న గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాల్లో కవుల కూడికలు ఎప్పుడో ఉండేవి.

రాజే రచయిత: జటప్రోలు పాలకుడు సురభి మాధవరాయలు 17వ శతాబ్దంలో ‘చంద్రికా పరిణయం’ అనే కావ్యం రాశారు. సుచంద్రుడు, చంద్రికల ప్రేమ, పెళ్లే ఇందులో కథ. ఆయన ఆస్థానంలో ఎలకూచి బాలసరస్వతి లాంటి పండితుడు ఉండేవారు.

సభలో ఏం జరిగేది?: కవులను ఆదరించిన గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అని పేరు. తిరుపతి వేంకట కవులు కూడా గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలకు వచ్చి అవధానాలు చేశారు. అవధానమంటే అడిగిన అంశంపై అప్పటికప్పుడు పద్యం చెప్పాలి. తప్పు దొర్లితే పండితులు అక్కడే పట్టేస్తారు. మెప్పిస్తే సన్మానం.

ఇంత జరిగినా తెలంగాణలో కవులే లేరన్న మాట వచ్చింది. గద్వాల ప్రాంతానికే చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చి, 354 మంది కవులతో జవాబిచ్చారు.

1948లో హైదరాబాద్ రాజ్యం భారత్‌లో కలిశాక సంస్థానాలూ పోయాయి. రాజుల సన్మానాలు తిరిగి రావు. కానీ నలుగురు కూర్చుని ఒకరి కథ ఒకరు చదివి, తప్పొప్పులు మొహం మీదే చెప్పుకోవడానికి రాజు అక్కర్లేదు కదా!