గొట్టములోని మెలిక

అమెరికా అడవులలో లేడివేటకై లీవరు రైఫిలు కొనదలచినవాడు కొయ్య నునుపును, ఉక్కు మెరుపును చూచి మురియుటకు ముందు, గొట్టములోని గాడులు ఎన్ని అంగుళములకు ఒక చుట్టు తిరుగుచున్నవో విచారింపవలెను. ఆ గాడులే తూటాకు భ్రమణము నొసగి, బొంగరమునకువలె స్థైర్యమును కల్పించును.

తూటా పొడవు పెరిగినకొలది మెలిక బిగువుగా, అనగా గాడులు ఒక చుట్టు తిరుగు దూరము తక్కువగా, నుండవలెనని ఆంగ్ల గణితవేత్త గ్రీన్‌హిల్ 1879లో సూత్రీకరించెను: అంగుళములలో తూటా వ్యాసమును వర్గముచేసి, 150చే గుణించి, పొడవుచే భాగించిన, చుట్టునకు తగిన దూరము వచ్చును. 0.308 అంగుళముల వ్యాసమును, ఒక అంగుళము పొడవును గల తూటాకు ఇది సుమారు 14. కావున 12 అంగుళములకొక చుట్టు గల వించెస్టర్ 1894 థర్టీ-థర్టీ రైఫిలుకు లోటులేదు. మార్లిన్ 1894 ఫార్టీఫోర్ మాగ్నమ్ రైఫిలు పాత గొట్టములలోనో చుట్టునకు 38 అంగుళములు. సాధారణమైన 240 గ్రెయినుల బరువుగల తూటాకు సరిపడు ఆ మెలిక, 300 గ్రెయినుల దీర్ఘకాయమునకు, అందునా వేగము తగ్గినపుడు, చాలకపోవచ్చును. అట్టి తూటా పక్కవాటుగా తగిలి, గురికాగితమును గుండ్రముగాగాక కోలగా చీల్చును.

పాత తుపాకి కొనువాడు, అందు తూటా లేదని రూఢిచేసికొని, పిడి స్వేచ్ఛగా తిరుగు శుభ్రపరచు కడ్డీకి బిగువుగా గుడ్డ చుట్టి, కడ్డీపై గుర్తు పెట్టి, మెల్లగా త్రోయవలెను. గుర్తు అర్ధచుట్టు తిరుగులోపల కడ్డీ నడచిన దూరమునకు రెట్టింపే మెలిక. తూటాను ముందు నిశ్చయించుకొని, పిమ్మట గొట్టమును ఎన్నుకొనుట వివేకము.