డ్రైవరు సీడీ ఎక్కడ?

పుంగనూరులో నెట్ సెంటర్ నడిపే పాఠకుడొకరు ఈ ప్రశ్న పంపారు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. ఆయన దగ్గరున్న పాత కంప్యూటర్లు విండోస్ 11కి పనికిరావు. వాటిలో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు లేదు, ప్రాసెసర్లు ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాతవి. ఎవరో చెబితే పెన్‌డ్రైవ్ పెట్టి లినక్స్ ఎక్కించారు. ‘‘సార్, మదర్‌బోర్డు సీడీ అడగనే లేదు. నెట్ వచ్చింది, సౌండ్ వచ్చింది. ఎవరూ చెప్పకుండా దానికి అన్నీ ఎలా తెలిశాయి? అన్నీ తెలిసినప్పుడు ప్రింటరొక్కటీ ఎందుకు మొరాయిస్తోంది?’’

ఈ నెల వేరే విషయం రాద్దామనుకున్నాను గానీ, ఈ రెండో ప్రశ్న చదివాక చెయ్యి ఆగలేదు.

ప్రాథమికాలు గబగబా చెప్పేస్తాను. కంప్యూటర్లో ప్రతి పరికరానికీ దాని భాష దానిది. ఆ భాష తెలిసిన చిన్న ప్రోగ్రామే డ్రైవరు. ఆపరేటింగ్ సిస్టం నడిబొడ్డున ఉండే కెర్నెల్, ఏ పరికరంతో ఏం చేయించాలన్నా దాని డ్రైవరు ద్వారానే చేయిస్తుంది. ఇక అసలు కథలోకి వద్దాం.

1991 ఆగస్టు 25న హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తర్వాత లినక్స్ అయిన తన కొత్త సిస్టం గురించి లోకానికి చెబుతూ, ఇది ఏటీ రకం హార్డ్‌డిస్కులు తప్ప మరేవీ బహుశా ఎప్పటికీ నడపలేదని రాశాడు. తన దగ్గరున్నది అదొక్కటే మరి. సొంత బిడ్డ గురించి ఇంతగా పొరబడ్డ తండ్రి కంప్యూటర్ల చరిత్రలో మరొకరు కనబడరు. ఆయన కోడు రాసింది 386 ప్రాసెసర్ మీద. 2013లో వచ్చిన 3.8 వెర్షన్‌లో ఆ 386కే మద్దతు తీసేశారు. ఈలోగా లోకంలోని హార్డ్‌వేర్ అంతా వచ్చి చేరింది.

ఆ రోజుల్లో కార్డులు ఐఎస్ఏ రకానివి. ఐఎస్ఏ కార్డు తన పేరు చెప్పదు. అది ఏ పోర్టు నంబరు దగ్గర, ఏ ఇంటరప్ట్ గీత మీద ఉందో కార్డు మీది జంపర్లు పీకి, గుచ్చి మనిషే తేల్చాలి. నెట్‌వర్క్ కార్డుందా అని డ్రైవరు తెలుసుకోవాలంటే ఫలానా పోర్టులో ఏదో ఒకటి రాసి, తిరిగి ఏమొస్తుందో చూడాలి. అక్కడున్నది నెట్‌వర్క్ కార్డు కాక ఇంకేదో అయితే, ఆ రాతను అది మరోలా అర్థం చేసుకునేది. ఒక్కోసారి యంత్రమే బిగుసుకుపోయేది. నాసా గొడ్డార్డ్ కేంద్రంలో పనిచేసిన డొనాల్డ్ బెకర్ లినక్స్‌కి ఈథర్నెట్ డ్రైవర్లు కుప్పలుగా రాసిచ్చాడు. ఆ కోడు చూస్తే కార్డుని నడపడానికి ఎంత కష్టపడ్డాడో, కార్డు ఉందో లేదో ప్రమాదం లేకుండా కనుక్కోవడానికీ అంతే కష్టపడ్డాడని తెలుస్తుంది. ఫలానా పోర్టులవైపు పోవద్దని బూట్ చేసేటప్పుడే కెర్నెల్‌కి చెప్పే ఏర్పాటు కూడా ఉండేది.

1992లో ఇంటెల్ కార్డుల కోసం పీసీఐ అనే కొత్త పద్ధతి తెచ్చింది. నాకు ప్రాణమైన భాగం ఇదే, కాస్త తీరిగ్గా చెప్పనివ్వండి.

పీసీఐ పరికరం ప్రతిదానిలోనూ 256 బైట్ల చిన్న పట్టిక ఉండి తీరాలి. అందులో మొదటి రెండు బైట్లు తయారీదారు సంఖ్య, తర్వాతి రెండు పరికరం సంఖ్య. ఈ సంఖ్యలు పదహారంకెల పద్ధతిలో ఉంటాయి, అందుకే మధ్యలో అక్షరాలు దొర్లుతాయి. రియల్‌టెక్ కంపెనీది 10ఈసీ. ఎన్‌విడియాది 10డీఈ. ఇంటెల్ ఏకంగా ఫ్యాన్సీ నంబరే తీసుకుంది: 8086, 1978లో తనకు పేరు తెచ్చిన చిప్పు పేరే అది. బూట్ అవుతూనే కెర్నెల్ జనాభా లెక్కల మనిషిలా వీధివీధీ తిరుగుతుంది. 256 దాకా బస్సులు (పరికరాలను కలిపే దారులు), ఒక్కో బస్సులో 32 పరికరాలు, ఒక్కోదానిలో ఎనిమిది విధుల దాకా ఉండొచ్చు. ఎవరూ లేనిచోట అడిగితే అన్ని బిట్లూ ఒకట్లయిన సమాధానం, అంటే ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్, వస్తుంది. ఆ సంఖ్య ఏ కంపెనీకీ ఇవ్వలేదు కనుక ఖాళీ అని రూఢి అవుతుంది. ఐఎస్ఏలో యంత్రాన్ని పడుకోబెట్టిన ప్రశ్న ఇక్కడ నిరపాయం.

అంతకన్నా సొగసైనది మరొకటుంది. పరికరానికి మెమరీ చిరునామాల్లో ఎంత చోటు కావాలో ఎలా తెలియాలి? చోటు ఎంత అని రాసిపెట్టిన గడి ఎక్కడా లేదు. చిరునామా రాసుకునే గడి మాత్రమే ఉంది. కెర్నెల్ ఆ గడిలో అన్నీ ఒకట్లు రాసి, వెంటనే తిరిగి చదువుతుంది. 4096 బైట్లు కావాల్సిన పరికరం కింది 12 బిట్లను మారనివ్వదు, అవి తీగల్లోనే బిగించేసి ఉంటాయి. రాసిన ఒకట్లు ఎక్కడిదాకా నిలిచాయో చూస్తే చోటు ఎంతో బయటపడుతుంది. అడక్కుండానే చెప్పించుకోవడమంటే ఇదీ! ఒక్క గడి రెండు పనులు చేసింది. ఇది ఆలోచించిన ఇంజినీరు ఆ రాత్రి నిద్రపోయి ఉండడని నా అనుమానం.

సంఖ్యలు దొరికాయి సరే, డ్రైవరో? లినక్స్‌లో ప్రతి డ్రైవరు కోడులోనూ ‘నేను నడపగలిగినవి ఇవీ’ అని సంఖ్యల జాబితా ఉంటుంది. కెర్నెల్‌ని తయారుచేసేటప్పుడే వేల డ్రైవర్ల జాబితాలన్నీ కలిపి ఒక పెద్ద సూచిక కడతారు. 10ఈసీ, 8168 అనే జంట కనబడగానే కెర్నెల్ ఆ వివరాలను ఒకే వరుసలో ఒక పొడుగాటి పేరుగా కూర్చి ప్రకటిస్తుంది. ‘యుడెవ్’ అనే సేవకుడు ఆ పేరు అందుకుని సూచికలో వెతికించి, ఆర్8169 డ్రైవరుని మెమరీలోకి ఎక్కిస్తాడు. మిగతా వేల డ్రైవర్లు డిస్కులో పడుకునే ఉంటాయి. మన దేశంలో పాత డెస్క్‌టాపుల్లో చాలావాటికి నెట్ వచ్చేది ఈ డ్రైవరుతోనే. పుంగనూరు మిత్రుడికి సీడీ అవసరం లేకపోవడానికి కారణమిదే. ఆ సీడీల్లో ఉండాల్సినదంతా కెర్నెల్‌తోపాటే వచ్చేసింది. కెర్నెల్ కోడులో సగానికి పైగా డ్రైవర్లే.

లినక్స్ హార్డ్‌వేర్‌కి పనికిరాదని ఇంకా అనేవాళ్లున్నారు. 2007లోనే కెర్నెల్ డెవలపర్ గ్రెగ్ క్రోహార్ట్‌మన్ ఏ కంపెనీకైనా డ్రైవరు ఉచితంగా రాసిపెడతామని బహిరంగంగా ప్రకటించాడు. రాస్తామని డెవలపర్లు ఎగబడ్డారు గానీ, రాయించుకోవాల్సిన కంపెనీలే తక్కువ తేలాయి. గుచ్చగానే పనిచేస్తుందని డబ్బా కొట్టిన మైక్రోసాఫ్ట్‌కేమో 1998 ఏప్రిల్‌లో షికాగో కామ్‌డెక్స్ వేదిక మీద బిల్ గేట్స్ పక్కనుండగానే స్కానర్ తగిలిస్తే విండోస్ 98 నీలితెర చూపింది.

ఒకే సంఖ్య ఉన్న పరికరాలు చాలా ఉంటే ఏమవుతుందో చెప్పాలంటే, ముందు కుప్పం సంగతి ఒకటి చెప్పుకోవాలి. 2002లో హెచ్‌పీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి అక్కడ ‘ఐ-కమ్యూనిటీ’ మొదలుపెట్టాయి. స్వయం సహాయక సంఘాల మహిళలు డిజిటల్ కెమెరా, సౌరశక్తితో నడిచే చిన్న ప్రింటరు పట్టుకుని ఊళ్లలో ఫొటోలు తీసి అక్కడికక్కడే చేతికిచ్చేవారు. ఇలాంటిదే మరొక కేంద్రాన్ని హెచ్‌పీ దక్షిణాఫ్రికాలోని మొగలక్వేనాలో పెట్టింది. ఆ దేశపు బడుల కోసం తెచ్చిన 441 అనే కంప్యూటర్లో డబ్బా ఒకటే, తెరలూ కీబోర్డులూ నాలుగేసి, నడిపేది లినక్స్. ఒకే రకం కీబోర్డులు నాలుగుంటే సంఖ్యలు నాలుగింటికీ ఒకటే. ఏ పిల్లవాడు కొట్టిన అక్షరం ఏ తెర మీద పడాలో ఎలా తేలుతుంది? సంఖ్య జాతిని చెబుతుంది, చిరునామా మనిషిని చెబుతుంది. ఏ బస్సు, ఏ స్లాటు, ఏ యూఎస్‌బీ పోర్టు అన్నది కెర్నెల్ దగ్గర ఎప్పుడూ ఉంటుంది. దాన్నిబట్టి ఈ గ్రాఫిక్స్ కార్డుకి ఈ కీబోర్డు అని ముడిపెడితే చాలు. ఒక్క కంప్యూటరు నలుగురి పని చేస్తుంది. మనవైపు బడుల్లో ఇది ఎందుకు వాడుకలోకి రాలేదా అని నాకు ఇప్పటికీ బాధే.

ఇక ప్రింటరు. ఆయన దగ్గరున్నది హెచ్‌పీ లేజర్‌జెట్ 1020. జిరాక్సు షాపుల్లో ఎక్కడ చూసినా కనిపించే ఆ చిన్న తెల్ల పెట్టే. లినక్స్ దాన్ని గుర్తుపట్టకపోలేదు. యూఎస్‌బీలో దాని సంఖ్య 03ఎఫ్0, 2బీ17, నిక్షేపంగా కనబడుతుంది. చిక్కు ఎక్కడంటే, ఖర్చు తగ్గించడానికి ఆ ప్రింటర్లో దాని సొంత ప్రోగ్రాము, అంటే ఫర్మ్‌వేర్, శాశ్వతంగా ఉంచలేదు. స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటరే దాన్ని పంపాలి. కరెంటు పోయి వస్తే మళ్లీ పంపాలి. ఆ ఫైలు హెచ్‌పీ సొత్తు. డ్రైవరు కోడు అందరికీ ఇచ్చారు గానీ, ఇది మాత్రం హెచ్‌పీ లైసెన్సుకి ఒప్పుకుని విడిగా దింపుకోవాలి. అందుకే పెన్‌డ్రైవ్‌లో రాలేదు. కొన్ని బ్రాడ్‌కామ్ వైఫై కార్డులదీ ఇదే గోల. కంపెనీలు ఇలా సహకరించకపోవడం గురించే టోర్వాల్డ్స్ 2012లో ఫిన్లండ్‌లో ఒక సభలో కెమెరావైపు తిరిగి ఎన్‌విడియాకి వేలు చూపించి మరీ తిట్టాడు. ఆ కంపెనీ తన కెర్నెల్ మాడ్యూళ్ల కోడు విప్పింది 2022 మేలో, పదేళ్లకి.

పుంగనూరు మిత్రుడికి చెప్పేదేమంటే: నెట్ ఉన్నప్పుడు టెర్మినల్‌లో హెచ్‌పీ-ప్లగిన్ ఆదేశం ఇవ్వండి, ఫర్మ్‌వేర్ దిగుతుంది. తర్వాత స్విచ్ వేసినప్పుడల్లా యుడెవ్ ఆ సంఖ్యను చూసి తానే పంపుతాడు. మిగతా కంప్యూటర్లు మార్చేముందు పెన్‌డ్రైవ్‌తోనే బూట్ చేసి ఎల్ఎస్‌పీసీఐ, ఎల్ఎస్‌యూఎస్‌బీ ఆదేశాలతో ఏమేం కనబడుతున్నాయో చూసుకోండి. డిస్కు చెరిపేది ఆ తర్వాతే. వేలిముద్ర యంత్రాలుంటే అవి నడవడానికి ఒక్క విండోస్ కంప్యూటరైనా ఉంచుకోండి. వాటి కంపెనీలకు ఈ వ్యాసం చదివే తీరిక ఉన్నట్టు లేదు.