ధ్రువిత కాంతి - ఫ్రెంచివారి విద్యా పరంపర

యానాము 1954 వఱకు ఫ్రెంచివారి యేలుబడియందుండెను. ఆ యేలుబడిని మనము నిరాకరించితిమి, అది న్యాయము. కాని యా జాతి విద్యను గూడ నిరాకరించుట యవివేకము. ఒక విద్యను తరతరములుగ నెట్లు నిలుపుకొనవలయునో వారి ధ్రువిత కాంతి పరిశోధనము తెలుపుచున్నది.

1808లో మాలస్ అను పండితుడు పారిసులోని లక్సెంబర్గు సౌధపు కిటికీలనుండి ప్రతిఫలించిన సూర్యకాంతిని స్ఫటికము గుండ జూచెను. స్ఫటికమును త్రిప్పగా, కనబడిన రెండు బింబములలో నొకటి క్షీణించెను. సూర్యకాంతి సహజముగ నన్ని దిక్కులను కంపించును; గాజుపైనను, ధూళిపైనను, మేఘముపైనను బడి మరలిన కాంతి కొంతవఱకొక దిక్కున కొగ్గును. ఇదియే ధ్రువణము. తాను దాకివచ్చిన పదార్థమునుగూర్చి యా కాంతియే సాక్ష్యమిచ్చును.

అరాగో 1811లో ధ్రువణదర్శినిని నిర్మించెను. సూర్యబింబపు టంచు వెలుగున ధ్రువణము లేకుండుట జూచి, ఆ తలము మండుచున్న వాయువేగాని ఘనముగాని ద్రవముగాని కాదని తీర్మానించెను. ఫ్రెంచి వలసలలో బానిసత్వమును రద్దుచేసిన 1848 నాటి శాసనముపై సంతకముచేసిన మంత్రియు నీతడే.

శతాబ్దము గడచినను విద్య యడుగంటలేదు. మ్యూడాన్ వేధశాలలో బెర్నార్డ్ లియో వేయింట నొకపాలు ధ్రువణమును సైతము పసిగట్టు యంత్రమును గల్పించి, 1929 నాటి తన గ్రంథమున చంద్రతలము అగ్నిపర్వతపు బూడిదను బోలునని చూపెను. 1952లో నాతడు మరణింపగా, శిష్యుడు డొల్ఫూస్ ఆ కృషిని కొనసాగించెను. 1969లో చంద్రునిపై మానవుని పాదముద్రలు మెత్తని ధూళిలోనే పడినవి.

అంతటితో ముగియలేదు. 1974లో హాన్సెన్, హోవెనియర్ అను విదేశీయులు లియో కొలతలను క్రొత్త కొలతలతో జోడించి, శుక్రగ్రహ మేఘములు గంధకామ్లపు సూక్ష్మబిందువులని నిర్ణయించిరి. నిష్ఠతో గొలిచిన కొలత నలువదియైదేండ్లకు గూడ ఫలించినది!

2023 జూలై 14న శ్రీహరికోటనుండి వెడలిన చంద్రయాన్-3, చంద్రకక్ష్యనుండి భూమి ధ్రువిత కాంతిని బరీక్షించు పరికరము నొకదానిని గొనిపోయెను. మనకును బీజము పడినది. కాని గురువునకు శిష్యుడు లభింపనిచో బీజము బీజముగనే యుండును. విద్యాలయములకు భవనములు గట్టించి శిలాఫలకములు నిలుపు దాతలు మన సీమలో గలరు. ఒక కొలపరికరమునకును, దానియొద్ద పదియేండ్లు కూర్చుండు నొక పేద విద్యార్థి గ్రాసమునకును ధనమిచ్చువా రెందఱు? పరంపర యనునది పొగడ్తలచే గాదు, అట్టి దానముచేతనే నిలుచును.