బామ్మగారిని ఇంట్లో వదలకండి!

నగరంలో షికారనగానే మన ఇళ్ళలో బామ్మగారికి ఇంటి కాపలా తప్పదు. పిల్లలకు వింతలు కావాలి, ఆవిడకు గుడి కావాలి. రెండూ ఒక్క పూటలో కుదరవని మన అభిప్రాయం. హైదరాబాదులో నాంపల్లి పబ్లిక్ గార్డెన్సుకు వెళ్ళి చూడండి, ఎందుకు కుదరవో!

1846లో వెలసిన తోట ఇది. ఒకప్పుడు ఇక్కడ జంతుప్రదర్శనశాల ఉండేది. 1963లో నెహ్రూ జంతుప్రదర్శనశాల ఏర్పడ్డాక జంతువులు అక్కడికి తరలిపోయాయి. అయినా పిల్లలకు లోటులేదు. తోటలోని పురావస్తు ప్రదర్శనశాలలో రెండువేల ఏళ్ళు దాటిన ఈజిప్టు యువతి మమ్మీ గాజుపెట్టెలో ఉంది. శుక్రవారం సెలవు, జ్ఞాపకముంచుకోండి.

చూశాక చెట్లనీడన కాసేపు కూర్చోండి. ముందున్నది గుట్ట; పెద్దవారి మోకాళ్ళకు కొంత విశ్రాంతి కావాలి.

ఎండ తగ్గాక శాసనసభ భవనం మీదుగా ఆటోలో నౌబత్ పహాడ్ చేరండి. అక్కడి బిర్లా విజ్ఞాన ప్రదర్శనశాలలో నలభై అడుగులు దాటిన రాక్షసబల్లి అస్థిపంజరం నిలబడి ఉంది. ఏ విదేశం నుంచో తెచ్చింది కాదు. మన గోదావరి లోయలోని యామనపల్లి దగ్గర దొరికిన ఎముకలవి!

పక్క గుట్టమీదే 1976లో వెలసిన పాలరాతి వేంకటేశ్వరాలయం. ఫోన్లు కింద అప్పగించి వెళ్ళాలి. దర్శనమయ్యాక పైనుంచి హుస్సేన్‌సాగరంలో దీపాల నీడలు చూడవచ్చు.

ఎవరి ముచ్చట వారికి తీరుతుంది. ఇక ఆ రాత్రి పిల్లలు కురిపించే ప్రశ్నలకు జవాబు చెప్పడం బామ్మగారి వంతు!